గాలి పెట్టె – ఒక ప్రాజెక్టు డైరీ

పని మొదలు

ఈ ప్రాజెక్టు ఉద్దేశం ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. మేము ఇంట్లో పీల్చే గాలి, గుమ్మం బయటి గాలి, ఒంటికి తగిలే ఎండ, ఈ మూడింటినీ ఒకే గ్రాఫు మీద పక్కపక్కన పెట్టి చూడాలి.

అమ్మకు ఆస్తమా. మందు వాడుతోంది, మందు పనిచేస్తోంది కూడా. కానీ కొన్ని రాత్రులు ఆయాసం ఎందుకు ఎక్కువవుతోందో, కొన్ని రాత్రులు ఎందుకు హాయిగా గడిచిపోతున్నాయో ఇంట్లో ఎవరమూ చెప్పలేకపోతున్నాం. వాతావరణం మారిందని సరిపెట్టుకుంటాం. అయితే మారింది ధూళా, తేమా, వేడా? లేక గదిలో మూసి ఉంచిన తలుపులా? కొలిస్తే తప్ప తెలియదు.

చాలాకాలంగా మనసులో తిరుగుతున్న ఇంకో సంగతీ ఉంది. 2015లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, లాన్సెట్ వైద్య పత్రిక కలిసి వేసిన కమిషన్ గ్రహ ఆరోగ్యం మీద, అంటే భూమి ఆరోగ్యంతో ముడిపడిన మనిషి ఆరోగ్యం మీద, ఒక నివేదిక ఇచ్చింది. గత కొన్ని దశాబ్దాల్లో మనిషి ఆయుర్దాయం పెరిగింది, పసిపిల్లల మరణాలు తగ్గాయి. అదే కాలంలో అడవులు, నదులు, నేల, సముద్రాలు, గాలి దెబ్బతింటూ వచ్చాయి. ఇవాళ్టి లాభం కోసం రాబోయే తరాల ఆరోగ్యాన్ని తాకట్టు పెడుతున్నామని ఆ కమిషన్ హెచ్చరించింది. చదివినప్పుడు కాదనలేకపోయాను. కానీ అంత పెద్ద విషయాన్ని మన చేతికి అందేంత దగ్గరలో చూడాలంటే ఎక్కడ చూడాలి? ఊపిరి దగ్గర చూడొచ్చు అనిపించింది. మనిషి ఒంటికీ భూమికీ మధ్య రేయింబవళ్లు ఆగకుండా జరిగే ఇచ్చిపుచ్చుకోవడం అదే కదా.

విడిభాగాలు, వైరింగు

గాలిని కొలిచే పెట్టెలు రెండు కట్టాను, ఒకటి గదిలోకి, ఒకటి బయటికి. పెట్టెను నడిపేది ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. సన్నటి ధూళికి ప్లాంటవర్ పీఎంఎస్5003, కార్బన్ డయాక్సైడ్‌కు సెన్సిరియాన్ ఎస్‌సీడీ41, వేడికీ తేమకూ బాష్ బీఎంఈ280 సెన్సర్లు తీసుకున్నాను.

ధూళి సెన్సర్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి, ఎందుకంటే దాని బలం, బలహీనత రెండూ అందులోనే ఉన్నాయి. లోపలున్న చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది. ఆ గాలి లేజర్ కిరణం ముందు నుంచి పోతుంది. కణాలకు తగిలి చెదిరిన వెలుగును పక్కనున్న ఫోటోడయోడ్ అనే వెలుగు సెన్సర్ పట్టుకుంటుంది. కిటికీ సందులోంచి ఎండ పడినప్పుడు గదిలో ధూళి మెరుస్తూ కనబడుతుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే మన కంటికి కనబడేవి పెద్ద కణాలు. ఇక్కడ లెక్కకొచ్చేవి 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్నవి. తల వెంట్రుక మందమే దాదాపు 50 నుంచి 70 మైక్రోమీటర్లు ఉంటుంది. ఇంత సన్నటివి ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. మరీ చిన్నవి రక్తంలోకి కూడా దాటుతాయి. అందుకే ధూళి అంటే దగ్గు, ఆయాసం మాత్రమే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

వైరింగు కష్టమేమీ కాదు. ఫ్యాన్ తిరగడానికి ధూళి సెన్సర్‌కు 5 వోల్టులు ఇవ్వాలి. డేటా మాత్రం 3.3 వోల్టుల మీదే వస్తుంది కాబట్టి ఆ తీగను బోర్డుకు నేరుగా కలపొచ్చు. సెకనుకు 9600 బిట్ల వేగంతో 32 బైట్ల ప్యాకెట్లు వస్తుంటాయి. ప్రతి ప్యాకెట్టూ 66, 77 అనే రెండు అంకెలతో మొదలవుతుంది, చివరి రెండు బైట్లు కూడిక సరిచూసుకోవడానికి. ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక మొదటి అరనిమిషం రీడింగులు నమ్మకూడదు, వాటిని ప్రోగ్రాములోనే పారేస్తున్నాను. లేజర్ త్వరగా అరిగిపోకుండా మధ్యమధ్యలో సెన్సర్‌ను నిద్రపుచ్చుతున్నాను.

పెట్టె లోపల అమరిక మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. బోర్డు వైఫై వాడేటప్పుడు వేడెక్కుతుంది. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి బోర్డును పైన, వేడిని కొలిచే సెన్సర్‌ను కింద, అదీ పెట్టె బయటికి కొంచెం తీగ మీద వేలాడేటట్టు పెట్టాను. ఇది పట్టించుకోకపోతే గది వేడి బదులు బోర్డు వేడి కొలుస్తూ కూర్చుంటాం.

గ్రాఫు మీద రెండు అడ్డగీతలు గీసి పెట్టుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన హద్దులవి. ఘనపు మీటరు గాలిలో సన్నటి ధూళి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచంలో 99 శాతం మంది ఈ హద్దులు దాటిన గాలినే పీలుస్తున్నారని ఆ సంస్థే చెబుతోంది. 2019లో ఇంటి లోపలి, బయటి గాలి కాలుష్యం కలిసి 67 లక్షల అకాల మరణాలకు కారణమయ్యాయని దాని అంచనా.

తేమ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మంచు పడే తెల్లవారుజామున వచ్చే పెద్ద అంకెలన్నీ ధూళి కాదు. అమెరికా పర్యావరణ సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి సెన్సర్ల కోసం ఒక సవరణ సూత్రం ఇచ్చారు: రీడింగును 0.524తో గుణించి, అందులోంచి తేమ శాతాన్ని 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలపాలి. అది అక్కడి ధూళికి కుదిర్చిన లెక్క. ధూళి స్వభావం చోటుచోటుకూ మారుతుంది కాబట్టి ఎవరి చోట వాళ్లు దగ్గర్లోని అధికారిక గాలి నాణ్యత కేంద్రం అంకెలతో పోల్చి సొంత గుణకాలు తేల్చుకోవడమే సరైన పద్ధతి. నేను ప్రస్తుతానికి సవరించినవీ, సవరించనివీ రెండూ దాచి ఉంచుతున్నాను.

సున్నా ఎక్కడ పెట్టాలి

ఈ భాగం నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ తనను తాను సరిచేసుకుంటుంది. అది పెట్టుకునే లెక్క ఇది: వారానికి ఒక్కసారైనా తనకు బయటి స్వచ్ఛమైన గాలి తగులుతుంది, ఆ గాలిలో 400 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 400) కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. తాను చూసినవాటిలో అన్నిటికంటే తక్కువ రీడింగును 400 అనుకుని మిగతావన్నీ దాన్నిబట్టి జరుపుకుంటుంది.

ఆ 400 ఇప్పుడు భూమి మీద లేదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో దాదాపు 280 పీపీఎం ఉండేది. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలుపెట్టేనాటికి 315 దరిదాపుల్లో ఉంది. 2024లో అక్కడి ఏడాది సగటు 424 దాటింది. అంటే గదిలో గాలి బాగుందో లేదో చెప్పాల్సిన పరికరం మొదట ఆకాశం సంగతి తెలుసుకోవాలి. తయారీదారు అచ్చువేసిన అంకెను అలాగే వదిలేస్తే ఏటికేడాది తప్పు పెరుగుతూ పోతుంది.

అందుకని ఆ ఆటోమేటిక్ సర్దుబాటు ఆపేసి చేత్తోనే కాలిబ్రేట్ చేశాను. పెట్టెను మేడ మీద, మనుషులకూ పొగకూ దూరంగా, గాలి బాగా ఆడే చోట ఉంచాలి. మన ఊపిరి దానికి తగలకుండా పక్కకు జరగాలి, ఎందుకంటే మనం వదిలే ఊపిరిలో దాదాపు 4 శాతం, అంటే 40,000 పీపీఎం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. రీడింగు నిలకడగా ఉండేదాకా ఆగి, అప్పుడు ఇప్పటి బయటి అంకెను ఆధారంగా ఇచ్చి కమాండు పంపాలి. నేను 425 ఇచ్చాను. మళ్లీ కాలిబ్రేట్ చేసేనాటికి ఈ అంకెనూ పెంచాల్సి వస్తుంది. ప్రోగ్రాములో ఆ వరుస పక్కనే ఈ మాట రాసి పెట్టాను.

గది గాలికి 1000 పీపీఎం హద్దు చాలామంది వినే ఉంటారు. అది పాతది. మ్యూనిక్‌లో మాక్స్ వాన్ పెటెన్‌కోఫర్ 1858లో ప్రతిపాదించాడు. ఆ వాయువే విషమని ఆయన అనలేదు. గదిలో ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు ఎంత పీలుస్తున్నారో తెలిపే గుర్తుగా దాన్ని తీసుకున్నాడు. ఆనాడు బయట దాదాపు 285 ఉండేది, అంటే గదికి 715 పీపీఎం వెసులుబాటు. ఇప్పుడు బయటే 425. అదే 1000 హద్దుకు కట్టుబడితే మిగిలిన వెసులుబాటు 575. లెక్క వేస్తే, అంతే మంది ఉన్న అదే గదిలోకి అప్పటికంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ గాలి పంపాలి. ఆకాశంలో జరిగిన మార్పు నా పడకగది కిటికీ ఎంత తెరవాలో నిర్ణయిస్తోందన్నమాట. ఇది రాసుకున్న రోజు నాకు ఈ ప్రాజెక్టు అసలు విషయం దొరికింది: లోపలి గాలి అంటూ వేరే గాలి ఏదీ లేదు.

పడకగది

తలుపులు మూసి పడుకున్న రాత్రి కార్బన్ డయాక్సైడ్ గీత 450 దగ్గర బయలుదేరి తెల్లవారేసరికి 1500 దాటింది. దారిలో కొద్దిసేపట్లోనే 550 దాటుతుంది. ఆ అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ఈ శతాబ్దం మధ్యకల్లా బయటి గాలే ఆ స్థాయికి చేరవచ్చన్న అంచనాతో శామ్యూల్ మైయర్స్ బృందం పంటల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు 2014లో ప్రచురించింది. ఆరుబయట పొలాల్లోనే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను 546 నుంచి 586 పీపీఎం దాకా పెంచి పండించిన గోధుమలో జింకు దాదాపు 9 శాతం, ఇనుము దాదాపు 5 శాతం తగ్గాయి. పంట చూడ్డానికి బాగానే ఉంటుంది, తిన్నవాళ్లకు అందేది తగ్గుతుంది. గదిలో కిటికీ తెరిస్తే అంకె దిగుతుంది. పొలానికి తెరవడానికి కిటికీ లేదు.

మాకు కిటికీ ఉంది కాబట్టి తెరిచాం. కార్బన్ డయాక్సైడ్ నిమిషాల్లో పడిపోయింది. అదే సమయానికి ధూళి గీత లేచి బయటి గీతను అందుకుంది. మూస్తే ధూళి మెల్లగా దిగుతుంది, ఊపిరి గాలి పేరుకుంటుంది. తెరిస్తే ఊపిరి గాలి పోతుంది, రోడ్డు పొగ వస్తుంది. బయటి గాలి బాగుంటే ఈ చిక్కే లేదు.

అమ్మకు గ్రాఫు చూపించాను. "ఏమంటోందే నీ పెట్టె? తెరవమంటోందా, మూయమంటోందా?" అంది. రోజులో బయట ధూళి తక్కువుండే వేళలు ఏవో గ్రాఫే చెబుతోంది కాబట్టి ఆ వేళల్లో బార్లా తెరుస్తున్నాం, మిగతా వేళల్లో కాస్త సందు వదులుతున్నాం. ప్రస్తుతానికి జవాబు అదే.

పెట్టె బయటపెట్టిన ఇంకో సంగతి దోమల కాయిల్. వెలిగించిన రాత్రి ధూళి అంకె మూడంకెల్లోకి పోయి తెల్లారేదాకా సరిగ్గా దిగలేదు. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక్క కాయిల్ కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని తేలింది. భూమి వేడెక్కే కొద్దీ దోమలు అంతకుముందు బతకలేని ప్రాంతాలకు కూడా పాకుతున్నాయి. దోమకు భయపడి పొగ, పొగవల్ల ఆయాసం. మా ఇంట్లో కాయిల్ మానేసి దోమతెర కట్టాం.

ఊపిరి ఎంత బలంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరు రీడింగులు కూడా ఇదే షీట్లో చేర్చాను. ఊపిరి నిండా పీల్చి ఒక్క ఉదుటున ఊదాలి, మూడుసార్లు ఊది అందులో ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. ఎవరి ఉత్తమ అంకె వాళ్లకే ప్రమాణం. అందులో 80 శాతానికి పైనుంటే మంచిది, 50కి దిగితే ప్రమాదం. కాయిల్ రాత్రుల మర్నాటి ఉదయం అమ్మ అంకెలు తగ్గాయి. దోమతెర కట్టాక ఆ తగ్గుదల కనబడలేదు. ఒక మనిషి లెక్కతో సిద్ధాంతం చేయకూడదని నాకు తెలుసు. మా ఇంటికి మాత్రం ఇది చాలు.

వడపోత పెట్టె

గాలి శుద్ధి యంత్రం కొనకుండా చేత్తో చేసుకునే డిజైన్ ఒకటి 2020 నుంచి బాగా ప్రచారంలో ఉంది. రిచర్డ్ కోర్సి, జిమ్ రోసెంతాల్ పేర్ల మీద దాన్ని కోర్సి–రోసెంతాల్ పెట్టె అంటారు. మెర్వ్ 13 అనే గ్రేడు గాలి ఫిల్టర్లు నాలుగు, నాలుగు గోడలు, అడుగున అట్ట, పైన ఫ్యాన్. ఫిల్టర్ల మీది బాణం గుర్తులు లోపలికి చూడాలి, ఫ్యాన్ గాలిని పైకి విసరాలి. ఫ్యాన్ మూలల దగ్గర గాలి తిరిగి లోపలికి జారకుండా మధ్యలో గుండ్రటి కన్నం కత్తిరించిన అట్టను పైన అతికించాలి. ఆ చిన్న అట్టతో గాలి ప్రవాహం స్పష్టంగా మెరుగుపడుతుంది. అంచులన్నీ టేపుతో గట్టిగా మూయాలి.

ఇది బాగా పనిచేసింది. 80 దగ్గరున్న ధూళి అరగంట అటూఇటూగా 15 కిందికి దిగింది. అమ్మ గదిలో ఇది ఉండాల్సిందేనని తేల్చేశాను. ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఇంత మేలు చేసే చేతిపని ఇంకొకటి నాకు తెలియదు.

కానీ కార్బన్ డయాక్సైడ్ గీత కదల్లేదు, ఫిల్టరు కణాలను పడుతుంది గానీ వాయువును కాదు. గదిలో మొక్కలు పెడితే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చిన ఆశ అది, అయితే ఆ ప్రయోగం మూసిన చిన్న గదుల్లో, కార్బన్ డయాక్సైడ్ మీద కాకుండా రసాయన ఆవిర్ల మీద జరిగింది. 2019లో అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కేస్తే, మామూలు ఇంట్లో గాలి రాకపోకలతో జరిగే శుద్ధికి సరితూగాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మొక్కలు పెంచుకోండి, వాటిని చూస్తే మనసుకు హాయి. కిటికీ పని కిటికీదే.

ఫ్యాన్ కరెంటుతో నడుస్తుంది. ఆ కరెంటు బొగ్గు మండించి వస్తే ఆ పొగగొట్టం కింద ఎవరో ఉంటారు. వాళ్ల గదిలో ఈ పెట్టె పెడితే ఏం చూపిస్తుందో ఊహించగలను. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినచోట సన్నటి ధూళీ కార్బన్ డయాక్సైడూ ఒకే గొట్టంలోంచి వస్తాయి. ధూళి రోజుల్లో, వారాల్లో నేలకు దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు గాలిలోనే ఉండిపోతుంది. ఆ మంట ఆర్పితే ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ వారమే ఉపశమనం, వాళ్ల మనవలకు చల్లటి భూమి. వాతావరణ చర్చల్లో లాభం ఎప్పుడో వస్తుందని చెబుతుంటారు గానీ, ఊపిరితిత్తుల వైపు నుంచి చూస్తే లాభం వెంటనే వస్తుంది.

నల్ల బంతి

ఎండ కొలవడానికి వేరే పెట్టె. థర్మామీటరు చూపే వేడి ఒక్కటే ఒంటికి లెక్క కాదు. తేమ, నేరుగా పడే ఎండ, గాలి విసురు అన్నీ కలవాలి. దీనికి వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే కొలత ఉంది. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బకు కూలిపోతున్న కుర్రాళ్లను కాపాడటానికి యాగ్లూ, మినార్డ్ తయారుచేశారు. ఆరుబయట దాని లెక్క ఇది: తడి బల్బు (తడి ఒత్తి చుట్టిన థర్మామీటరు) వేడిలో 0.7 వంతు, నల్ల గోళం వేడిలో 0.2 వంతు, గాలి వేడిలో 0.1 వంతు కూడాలి. చెమట ఆరుతుందా లేదా అన్నదానికే ఎక్కువ బరువు ఇచ్చారని చూస్తేనే తెలుస్తుంది.

నల్ల గోళానికి టేబుల్ టెన్నిస్ బంతి వాడాను. సన్నటి రంధ్రం చేసి వేడి సెన్సర్‌ను నడిమధ్యకు చేర్చి, మెరుపులేని నల్లరంగు వేశాను. అసలు ప్రమాణం 150 మిల్లీమీటర్ల రాగి గోళం. చిన్న బంతి నుంచి గాలి వేడిని తొందరగా లాగేస్తుంది, కాబట్టి కొంచెం తక్కువ చూపిస్తుంది. అందుకే దీన్ని ఒక చోటుతో ఇంకో చోటు పోల్చడానికే వాడుతున్నాను. తడి బల్బుకు నూలు ఒత్తి, చిన్న సీసాలో డిస్టిల్డ్ నీళ్లు. మామూలు నీళ్లయితే ఒత్తి మీద ఉప్పు పేరుకుని నీరు సరిగ్గా ఎక్కదు. గాలి వేడి సెన్సర్ మీద ఎండ పడకుండా ప్లాస్టిక్ పళ్లాలను మధ్యలో సందులు వదిలి ఒకదానిమీద ఒకటి బోర్లించాను.

మేడ మీద, చెట్టు కింద ఒకే మధ్యాహ్నం కొలిచాను. గాలి వేడిలో తేడా ఒకటి రెండు డిగ్రీలే. నల్ల బంతిలో తేడా పది డిగ్రీలు దాటింది. వాతావరణ వార్తలో వచ్చే అంకె నీడలో కొలిచిన గాలి వేడి మాత్రమే. ఎండలో పనిచేసే మనిషి ఒళ్లు ఎదుర్కొనేది ఈ బంతి ఎదుర్కొంటున్నదాన్ని.

చెట్టు నీడ ఇవ్వడమే కాదు, ఆకుల్లోంచి నీటిని ఆవిరి చేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆకు మీదైనా మన చర్మం మీదైనా లెక్క ఇదే. మనిషి చెమట పట్టి చల్లబడేది, చెట్టు తన చుట్టూ గాలిని చల్లబరిచేది ఒకే భౌతిక సూత్రంతో. గాలిలో తేమ నిండిపోతే చెమట ఆరదు, ఆ దారి మూసుకుపోతుంది. తడి బల్బు వేడి 35 డిగ్రీలు దాటితే ఆరోగ్యవంతుడైనా గంటల్లో ప్రాణాపాయమని 2010లో షెర్వుడ్, హ్యూబర్ లెక్కగట్టారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద ప్రయోగాలు చేస్తే, తేమ ఎక్కువున్నప్పుడు ఒళ్లు అదుపు తప్పడం దాదాపు 31 డిగ్రీల దగ్గరే మొదలైంది. ముసలివాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు హద్దు ఇంకా కిందే ఉంటుంది.

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. మేస్త్రీ వచ్చి ఆ నల్ల బంతి ఏమిటని అడిగాడు. అంకెలు చూపించాను. "మేడ మీద ఇంత, చెట్టు కింద ఇంతేనా అమ్మా?" అని ఆ రెండింటినీ మళ్లీ మళ్లీ చూశాడు. మర్నాడు ఇనుము వంచే పనిని చెట్టు కిందికి మార్చారు, నడిమధ్యాహ్నం పని ఆపుతున్నారు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లో వయసులో ఉన్నవాళ్లే మూత్రపిండాలు చెడి చనిపోతుంటే, వేడిలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడమే ప్రధాన కారణమని పరిశోధకులు అనుమానించారు. అక్కడ మొదలుపెట్టిన నివారణలో మాత్ర లేదు. నీళ్లు, విశ్రాంతి, నీడ, అంతే. మేస్త్రీకి ఇది చెప్పాక నీళ్ల డ్రమ్ము కూడా చెట్టు కిందికి వచ్చింది.

బంతిని ఏసీ బయటి యూనిట్ ఎదురుగా కూడా కాసేపు పెట్టాను. గదిలోంచి తీసిన వేడి, యంత్రం వాడిన కరెంటు వేడి, రెండూ అక్కడే కుమ్మరిస్తుంది. ఒక గది చల్లబడితే వీధి వేడెక్కుతుంది. వడగాడ్పుల్లో ఏసీ ప్రాణాలు కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కాకపోతే చెట్టు వీధి మొత్తాన్ని చల్లబరుస్తుంది.

ఇన్‌హేలర్

అమ్మ ఇన్‌హేలర్ గొట్టం మీది చిన్న అక్షరాలు మొదటిసారి శ్రద్ధగా చదివాను. నొక్కితే బుస్సుమనే రకం అది. మందును బయటికి నెట్టేది హెచ్‌ఎఫ్‌ఏ 134ఏ అనే వాయువు. వందేళ్ల లెక్కన ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఒక కిలో ఈ వాయువు 1300 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇదివరకు ఇన్‌హేలర్లలో ఉండేవి సీఎఫ్‌సీలు అనే వాయువులు. అవి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ హెచ్చరించారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటిని దశలవారీగా తప్పించి ఈ కొత్త వాయువులు తెచ్చారు. ఓజోన్ పొర కోలుకుంటోంది, అంటే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు ఎన్నో తప్పుతున్నాయి. కొత్త వాయువుల వేడి సంగతి తేల్చడానికి 2016లో కిగాలీలో ఆ ఒప్పందాన్నే సవరించారు. పొడి మందును రోగి తన ఊపిరి బలంతో పీల్చుకునే రకం ఇన్‌హేలర్లలో ఈ వాయువే ఉండదు.

అమ్మ వెంటనే "అయితే నేను మానేయాలా?" అంది. లేదమ్మా, ఎంతమాత్రం కాదు. ఊపిరి ఆడటం ముందు. కానీ ఈసారి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగాం, అమ్మ పీల్చే బలం పొడి మందుకు సరిపోతుందో లేదో పరీక్షిస్తామన్నారు. బలం సరిపోనివాళ్లకు, చిన్నపిల్లలకు, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినప్పుడు ఈ నొక్కే రకమే నమ్మకమైనదని కూడా చెప్పారు. ఎవరూ సొంతంగా మార్చుకోకూడదు. ఖాళీ అనుకుని పారేసే గొట్టాల్లోనూ వాయువు మిగిలి ఉంటుంది, తిరిగి తీసుకునే చోటు ఉంటే అక్కడే ఇవ్వాలి. ప్రపంచవ్యాప్తంగా వైద్యరంగం వాటా మొత్తం ఉద్గారాల్లో 4 శాతానికి పైనే. ఆస్తమా అదుపులో ఉంటే గొట్టాలూ తక్కువ ఖర్చవుతాయి, కాబట్టి గదిలో ధూళి తగ్గించడం మందు వైపు నుంచి చూసినా మేలే.

ఇప్పుడు ఎక్కడ ఉంది

రెండు గాలి పెట్టెలూ నడుస్తున్నాయి. లోపలి పెట్టె అమ్మ మంచం పక్కన, తల ఎత్తులో ఉంది. బయటి పెట్టె వీధి వైపు గోడకు, వాన పడని చోట. ధూళి సెన్సర్ నోట్లో సాలీడు గూడు కట్టకుండా సన్నటి జాలీ పెట్టాలి, గాలి అడ్డం పడనంత పలచటిది వెతుకుతున్నాను.

తర్వాతి పని దగ్గర్లోని బడి. తరగతి గదిలో పెట్టడానికి అక్కడి సైన్సు టీచరు గారు ఒప్పుకున్నారు. పిల్లల ఎదిగే ఊపిరితిత్తులు వాళ్ల బరువుతో పోలిస్తే పెద్దవాళ్లకంటే ఎక్కువ గాలి పీలుస్తాయి కాబట్టి నా దృష్టిలో అది మా పడకగదికంటే ముఖ్యమైన చోటు. అక్కడికి పంపే పెట్టెను ముందు మా రెండింటి పక్కనే ఒకే బల్ల మీద కొన్నాళ్లు నడిపి, మూడూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో సరిచూడాలి. తెర మీద అంకెలతోపాటు పిల్లలు దూరం నుంచే చూడగలిగేలా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు పెడుతున్నాను. ఎరుపు వెలిగితే ఏ కిటికీ తెరవాలో, ఏ కిటికీ మూయాలో పిల్లలే తేల్చుకునేలా ధూళికి ఒక దీపాల వరుస, ఊపిరి గాలికి ఇంకో వరుస. సోల్డరింగు సగం అయింది.